ఎన్‌క్రిప్షన్ ఉంది సరే, లోపలికి ఎవరిని రానివ్వాలి?

విశాఖపట్నంలో ఒక రోగనిర్ధారణ ల్యాబ్‌కు సంబంధించిన సర్వర్ల బాధ్యత నాది. ప్రధాన ల్యాబ్ ద్వారకానగర్‌లో ఉంది. గాజువాక, మధురవాడ, పెందుర్తి, అనకాపల్లిలలో శాంపిల్ కలెక్షన్ సెంటర్లు ఉన్నాయి. వీటికి తోడు ఇళ్లకు వెళ్లి రక్త నమూనాలు తీసుకునే టెక్నీషియన్లు ఉన్నారు. వీరందరూ తమ పని కోసం ఒకే సర్వర్‌కు ఇంటర్నెట్ మీదుగానే చేరుకోవాలి. ఆ సర్వర్‌లో ఉన్నవి మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, షుగరు, థైరాయిడ్, హెచ్‌ఐవీ వంటి పరీక్షల ఫలితాలు. ఇదే తరహా పనిలో ఉన్న మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "హెచ్‌టీటీపీఎస్ పెట్టేశాం కదా, ఇంకా చేయాల్సింది ఏముంది?" ఆ ప్రశ్నకు వివరంగా జవాబు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

హెచ్‌టీటీపీఎస్ (వెబ్‌సైటుతో మాటలను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) వెనుక ఉన్న టీఎల్‌ఎస్ అనే ప్రమాణం, క్లయింటుకూ (సర్వర్‌ను చేరే ఫోను లేదా కంప్యూటర్) సర్వర్‌కూ మధ్య సాగే సంభాషణను దారిలో ఎవరూ చదవకుండా, మార్చకుండా చూస్తుంది; సర్వర్ తాను చెప్పుకున్న సర్వరేనని క్లయింటుకు రుజువు చూపిస్తుంది. అవతల ఉన్న క్లయింటు ఎవరన్నది మాత్రం, మనం ప్రత్యేకంగా అడగమంటే తప్ప, అది అడగదు. సీలు వేసిన కవరును దారిలో ఎవరూ విప్పి చూడలేరు గానీ, దాన్ని పంపినవాడు మనవాడో కాడో ఆ సీలు చెప్పదు. గోప్యత, అనుమతి అనేవి రెండు వేర్వేరు పనులు. మొదటిది పూర్తయినంత మాత్రాన రెండోది కూడా పూర్తయిందని భావించడమే చిన్న సంస్థల సర్వర్లలో నాకు కనిపించే అతి పెద్ద లోపం.

కొత్త సర్వర్‌ను ఎవరూ గుర్తించరులే అన్న నమ్మకం కొందరికి ఉంటుంది. ఆ నమ్మకానికి ఆధారం లేదు. గుర్తింపు పొందిన ధ్రువీకరణ సంస్థలు జారీ చేసే సర్టిఫికెట్లు, అంటే సర్వర్ గుర్తింపును రుజువు చేసే డిజిటల్ పత్రాలు, ఎవరైనా చదవగలిగే సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ చిట్టాలలో నమోదవుతాయి కాబట్టి, సర్టిఫికెట్ తీసుకున్న కాసేపటికే మన సర్వర్ పేరు బహిరంగమవుతుంది. పేరు తెలియకపోయినా చిరునామా దొరుకుతుంది: ఇంటర్నెట్ చిరునామాల పాత పద్ధతి అయిన ఐపీవీ4లో ఉన్నవి సుమారు 430 కోట్ల చిరునామాలే, వాటన్నిటినీ ఒక్క కంప్యూటర్ నుంచి, గిగాబిట్ కనెక్షన్ మీద, 45 నిమిషాలలోపు తట్టి చూడవచ్చని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీమ్యాప్ అనే సాధనంతో 2013లోనే చూపించారు. మా సర్వర్‌ను తెరిచిన మొదటి రాత్రి లాగ్‌ను (వచ్చిన ప్రతి అభ్యర్థన నమోదయ్యే చిట్టాను) నేను వరుసగా చదివాను. మా దగ్గర వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) లేదు, అయినా వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం వచ్చారు. డేటాబేసు పాస్‌వర్డులు దాచే 'డాట్ ఎన్వ్' ఫైలును అడిగారు. కోడు మార్పులను దాచే గిట్ ఫోల్డరులోని కాన్ఫిగ్ ఫైలును అడిగారు. డేటాబేసును నిర్వహించే పీహెచ్‌పీ మైఅడ్మిన్ కోసం నాలుగైదు రకాల పేర్లతో వెతికారు. ఈ అభ్యర్థనలన్నీ టీఎల్‌ఎస్ 1.3 మీద, మా ఉద్యోగులకు దొరికే రక్షణతోనే, పక్కాగా ఎన్‌క్రిప్ట్ అయి వచ్చాయి. అపరిచితుడి సంభాషణను కూడా మన సర్వర్ అంతే శ్రద్ధగా కాపాడుతుందన్న సంగతి ఆ లాగ్ చదివినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

అందువల్ల మొదటి పని, బయటికి కనిపించేదాన్ని తగ్గించడం. మా సర్వర్‌లో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న పోర్టులు (ఒక్కో సేవకు ఒక్కో ద్వారం వంటివి) రెండే: హెచ్‌టీటీపీఎస్ కోసం 443 పోర్టు, నిర్వహణ కోసం వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఎన్‌క్రిప్ట్ చేసిన సొరంగం) పోర్టు. దూరం నుంచి సర్వర్‌ను నిర్వహించే ఎస్‌ఎస్‌హెచ్ బయటికి అసలు కనిపించదు. ముందుగా వైర్‌గార్డ్ సొరంగంలోకి వచ్చిన యంత్రానికి మాత్రమే అది జవాబిస్తుంది, అప్పుడు కూడా పాస్‌వర్డుతో కాకుండా కీతోనే (డిజిటల్ తాళంచెవితోనే). వైర్‌గార్డ్ 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6 నుంచి కెర్నెల్‌లోనే (ఆ వ్యవస్థ కేంద్రభాగంలోనే) భాగం. తనకు తెలియని కీతో వచ్చిన ప్యాకెట్‌కు అది ఏ జవాబూ ఇవ్వదు, కాబట్టి బయటి నుంచి చూసేవారికి అక్కడ ఏదో ఉందన్న ఆనవాలే దొరకదు. ఎస్‌ఎస్‌హెచ్‌ను ఇలా వెనక్కి నెట్టడం అతిజాగ్రత్త అనేవారికి నేను 2024 మార్చి 29ని గుర్తు చేస్తాను. ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో ఓపికగా చొప్పించిన దొడ్డిదారిని ఆండ్రెస్ ఫ్రూయిండ్ అనే ఇంజనీరు ఆ రోజు బయటపెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు మామూలు కంటే కొద్దిగా ఆలస్యమవుతున్నాయని ఆయన ఆరా తీయకపోయి ఉంటే, ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న ఎన్నో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్లలోకి ఆ దారి తెరుచుకునేది.

ఇక్కడే డాకర్ (అప్లికేషన్లను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) వాడేవారికి ఒక హెచ్చరిక. ఉబుంటు లినక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టి, 443 తప్ప అన్నీ మూసేశామని నిశ్చింతగా ఉంటారు. డాకర్ తాను ప్రచురించే పోర్టులకు లినక్స్ ఫైర్‌వాల్ నియమాల పట్టిక అయిన ఐపీటేబుల్స్‌లో సొంత నియమాలు రాసుకుంటుంది. అవి యూఎఫ్‌డబ్ల్యూ నియమాల కంటే ముందే అమలవుతాయి. ఫలితంగా యూఎఫ్‌డబ్ల్యూ మూసేశానని చూపిస్తున్న డేటాబేసు పోర్టు బయటికి తెరిచే ఉంటుంది. పోర్టును 127.0.0.1కు (ఆ యంత్రం లోపలికే పరిమితమైన చిరునామాకు) మాత్రమే కట్టి ప్రచురించడం దీనికి మందు. ఫైర్‌వాల్ స్థితిని ఆ సర్వర్ మీదే చూసి తృప్తిపడకుండా, బయటి నెట్‌వర్క్‌లో ఉన్న మరో యంత్రం నుంచి, తెరిచి ఉన్న పోర్టులను వెతికే ఎన్‌మ్యాప్‌తో పరీక్షించి చూడాలి.

ఇక 443 సంగతి. అనుమతించిన ఐపీ చిరునామాల జాబితా పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. ఆఫీసులో స్థిరమైన ఐపీ ఉన్నవారికి అది మంచి అదనపు పొరే. మా పరిస్థితి వేరు. మధురవాడలో ఉదయం ఆరింటికి బయలుదేరిన టెక్నీషియన్ ఎండాడ, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార తిరిగి పదింటికి ద్వారకానగర్ చేరేలోపు అతని ఫోను చిరునామా మారవచ్చు. పైగా మొబైల్ సంస్థలు ఐపీవీ4 కొరత వల్ల ఒకే బహిరంగ చిరునామాను ఎందరో చందాదారులకు కలిపి వాడుతున్నాయి. మా టెక్నీషియన్ కోసం ఆ చిరునామాను అనుమతిస్తే, దాని వెనుక ఉన్న ముక్కూమొహం తెలియని వారందరినీ అనుమతించినట్టే. చిరునామా మనిషిని గుర్తించదు, అతను ఆ క్షణానికి ఏ దారిలో వచ్చాడో మాత్రమే చెబుతుంది.

అందుకే క్లయింట్ సర్టిఫికెట్‌ను ఎంచుకున్నాను. ఈ పద్ధతిలో సర్వర్ తన సర్టిఫికెట్ చూపడంతో ఆగదు, క్లయింటును కూడా సర్టిఫికెట్ చూపమంటుంది. ఆ సర్టిఫికెట్ మేం నమ్మిన సీఏ (సర్టిఫికెట్లు జారీ చేసే ధ్రువీకరణ సంస్థ) సంతకంతో ఉండాలి, దానికి జతగా ఉన్న ప్రైవేటు కీ తన దగ్గరే ఉందని క్లయింటు అప్పటికప్పుడు సంతకం చేసి రుజువు చేసుకోవాలి. మా వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన ఇంజిన్‌ఎక్స్‌లో ఈ తనిఖీని తప్పనిసరి చేస్తే, సర్టిఫికెట్ లేకుండా వచ్చినవారికి లాగిన్ పేజీ కూడా కనిపించదు, 400 దోషంతో వెనుదిరుగుతారు. మొదటి రాత్రి లాగ్‌లో కనిపించిన ఆ అభ్యర్థనలన్నీ ఇప్పుడు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి, అప్లికేషన్ దాకా రావడం లేదు.

క్లయింట్ సర్టిఫికెట్లు జారీ చేసే సీఏ మన సొంతదే అయి ఉండాలి. బహిరంగ సీఏను నమ్మమని ఇంజిన్‌ఎక్స్‌కు చెబితే, ఆ సంస్థ ప్రపంచంలో ఎవరికి సర్టిఫికెట్ ఇచ్చినా వారు మన గుమ్మం దాటగలుగుతారు. పైగా లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే ఉచిత బహిరంగ సీఏ తన సర్టిఫికెట్లలో క్లయింట్ ధ్రువీకరణకు ఉపయోగపడే గుర్తును 2026లో తొలగిస్తున్నట్టు ముందే ప్రకటించింది. సర్వర్ సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి, క్లయింట్ సర్టిఫికెట్లు సొంత సీఏ నుంచి తీసుకోవడం శుభ్రమైన ఏర్పాటు.

టీఎల్‌ఎస్ 1.3 మాత్రమే ఉంచాలన్న నా పట్టుదలకు కారణం కూడా ఇక్కడే ఉంది. 1.0, 1.1లను 2021 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 8996 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రం ద్వారా అధికారికంగా పక్కన పెట్టేశారు, వాటి గురించి చర్చ అనవసరం. 1.2 ఇంకా చెల్లుతుంది, జాగ్రత్తగా అమరిస్తే బలమైనదే. కానీ 1.2లో క్లయింటు తన సర్టిఫికెట్‌ను పంపేది ఎన్‌క్రిప్షన్ మొదలుకాక ముందు. అంటే అందులో ఉద్యోగి పేరు, శాఖ పేరు ఉంటే దారిలో గమనించేవారికి అవి కనిపిస్తాయి. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8446గా వచ్చిన 1.3లో ఆ సర్టిఫికెట్ ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది.

రోగులకు మాత్రం సర్టిఫికెట్లు ఇవ్వలేం. వారు ఓటీపీతో రిపోర్టు తెచ్చుకునే సైటును వేరే యంత్రం మీద, వేరే చిరునామాతో ఉంచాను; పూర్తయిన రిపోర్టుల నకళ్లు మాత్రమే ప్రధాన సర్వర్ నుంచి అక్కడికి వెళ్తాయి, అక్కడి నుంచి వెనక్కి ఏ దారీ లేదు. ఒకే ఇంజిన్‌ఎక్స్‌లో రెండు పేర్లు పెట్టి, ఒకదానికి క్లయింట్ సర్టిఫికెట్ అడిగి మరోదానికి అడగకుండా నడపవచ్చు కదా అంటే, నడపవచ్చు. కానీ 2025 ఫిబ్రవరిలో బయటపడిన, భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2025-23419 అనే సంఖ్య ఉన్నది సరిగ్గా ఆ ఏర్పాటులోని లోపమే. ఒకే ఐపీ, ఒకే పోర్టు మీద అనేక సైట్లు ఉన్నప్పుడు, కొన్ని అమరికల్లో, ఒక సైటులో మొదలుపెట్టిన టీఎల్‌ఎస్ సెషన్‌ను మరో సైటులో కొనసాగించి క్లయింట్ సర్టిఫికెట్ తనిఖీని దాటేసే వీలు అందులో ఉంది. ఇంజిన్‌ఎక్స్ 1.26.3, 1.27.4 వెర్షన్లలో దాన్ని సరిచేశారు. సవరణ వచ్చింది కాబట్టి ఇప్పుడు భయం లేదనుకోవచ్చు, అయినా భిన్నమైన నమ్మకాలున్న రెండు సైట్లను ఒకే ప్రక్రియలో కలిపి ఉంచకపోవడమే మేలని నా అభిప్రాయం.

సర్టిఫికెట్‌ను ఫోనులో ఎక్కించడం పుస్తకాలలో ఒక్క వాక్యంతో సరిపోతుంది, పనిలో మాత్రం అసలు సమయం అక్కడే పోతుంది. కీ, సర్టిఫికెట్ కలిపిన పీ12 ఫైలును ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో 'వీపీఎన్ అండ్ యాప్ యూజర్ సర్టిఫికెట్' అనే చోట ఎక్కించాలి. పక్కనే ఉండే 'సీఏ సర్టిఫికెట్' అనే చోట కాదు. ఈ ఫైళ్లు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాధనంలో 3.0 వెర్షన్ నుంచి పీ12 ఫైలును భద్రపరిచే పద్ధతి బలపడింది. ఆ కొత్త పద్ధతి అర్థంకాని పాత ఫోన్లు సరైన పాస్‌వర్డు ఇచ్చినా "పాస్‌వర్డు తప్పు" అంటాయి. వాటికోసం 'లెగసీ' ఐచ్ఛికంతో మళ్లీ తయారు చేయాలి. ఆ పాత పద్ధతి బలహీనం కాబట్టి అటువంటి ఫైలును నేను ఎవరికీ వాట్సాప్‌లో గానీ మెయిల్‌లో గానీ పంపను. ఫోను నా ఎదుట ఉన్నప్పుడు కేబులుతో ఎక్కించి, స్క్రీన్ లాక్ ఉందో లేదో చూసి, ఆ ఫైలును ఫోనులోనూ నా దగ్గరా తుడిచేస్తాను. సెంటర్లలోని విండోస్ కంప్యూటర్లలో టీపీఎం (కీలను దాచే భద్రతా చిప్) ఉంటే కీని అందులోనే పుట్టించవచ్చు; అప్పుడు ఆ కీని ఫైలుగా బయటికి తీయడం కుదరదు కాబట్టి అది ఇంకా మెరుగు.

గాజువాక సెంటరులో ఫోన్లకు సర్టిఫికెట్లు ఎక్కిస్తున్నప్పుడు అక్కడి రిసెప్షనిస్టు ఒక ప్రశ్న అడిగారు: "సార్, రేపు నేను సెలవు పెడితే నా బదులు వచ్చే అమ్మాయికి నా ఫోను ఇచ్చి వెళ్లొచ్చా?" నేను, "వద్దమ్మా, ఆ అమ్మాయికి విడిగా ఇస్తాను, మీరు ముందురోజు నాకు ఒక్క ఫోను చేయండి చాలు," అన్నాను. ఆమె అడిగింది చాలా విలువైన ప్రశ్న. బదులు మనిషికి అరగంటలో సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు మన దగ్గర లేకపోతే, ఉద్యోగులు ఫోన్లు, పాస్‌వర్డులు ఇచ్చిపుచ్చుకోక తప్పదు. అప్పుడు లాగ్‌లో ఉన్న పేరుకూ పని చేసిన మనిషికీ సంబంధం ఉండదు. అందుకని బదులు మనుషుల కోసం మూడు రోజులకే గడువు తీరే సర్టిఫికెట్లను వేరుగా పెట్టుకున్నాను. రోజువారీ ఉద్యోగులకు గడువు 6 నెలలు.

ఇవ్వడం కంటే వెనక్కి తీసుకోవడం కష్టం. ఉద్యోగి మానేసినా, ఫోను పోయినా, ఆ సర్టిఫికెట్‌ను రద్దు జాబితాలో, అంటే సీఆర్‌ఎల్‌లో, చేర్చి ఇంజిన్‌ఎక్స్‌కు అందించాలి. ఫైలు మార్చినంత మాత్రాన సరిపోదు, ఇంజిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేసేదాకా అది పాత జాబితానే చూస్తుంది. రీలోడ్ చేశాక కూడా పాత ప్రక్రియలు తమ చేతిలో ఉన్న కనెక్షన్లను పూర్తి చేసుకునేదాకా బతికే ఉంటాయి కాబట్టి, వాటికి ఒక గడువు పెట్టాలి. పాత సెషన్‌ను మళ్లీ కొనసాగించనిచ్చే సెషన్ టికెట్లను ఆపివేసి సెషన్ కాలపరిమితిని తగ్గించుకోవాలి. సీఆర్‌ఎల్‌కు కూడా గడువు తేదీ ఉంటుందన్నది చాలామంది దృష్టికి రాదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో వచ్చే నమూనా కాన్ఫిగరేషన్‌లో అది 30 రోజులు. ఆ తేదీ దాటితే రద్దయినవారితో పాటు సక్రమంగా ఉన్నవారిని కూడా సర్వర్ తిప్పి పంపేస్తుంది. అలాగే అన్నిటికీ మూలమైన రూట్ సీఏ కింద, రోజువారీ సంతకాల కోసం మధ్యస్థ సీఏ పెట్టుకుంటే, రెండింటి రద్దు జాబితాలూ ఆ ఫైలులో ఉండాలి. ఒక్కటే పెడితే ఏ సర్టిఫికెట్టూ చెల్లదు. నేను ప్రతి సోమవారం కొత్త జాబితాపై సంతకం చేస్తాను. ఒక వారం తప్పినా మరో మూడు వారాలు మిగులుంటుంది. మానేసిన ఉద్యోగి సంగతి నాకు చేరడం కోసం, చివరి జీతం లెక్కల కాగితంలో నా సంతకం గడి ఒకటి ఉండాలని యాజమాన్యాన్ని కోరాను, వారు ఒప్పుకున్నారు. సాంకేతికంగా చూస్తే చిన్న విషయమే గానీ, మొత్తం ఏర్పాటులో నేను అత్యంత ముఖ్యమని భావించేది ఆ గడినే.

రక్త పరీక్షల యంత్రానికి కలిపిన కంప్యూటర్ ఒకటి ఇప్పటికీ విండోస్ 7 మీదే నడుస్తోంది. మైక్రోసాఫ్ట్ ఆ వ్యవస్థకు 2020 జనవరి 14న మద్దతు ఆపేసింది. యంత్రం అమ్మినవారేమో వ్యవస్థను మారిస్తే తమకు బాధ్యత లేదంటారు. దానికోసం సర్వర్‌లో టీఎల్‌ఎస్ స్థాయిని తగ్గిస్తే, ఒక్క కంప్యూటర్ కోసం అందరి రక్షణనూ తగ్గించినట్టవుతుంది. అందుకని దాన్ని ఇంటర్నెట్ నుంచి పూర్తిగా తప్పించి, పక్కన ఒక చిన్న లినక్స్ పెట్టె పెట్టి, దానితో మాత్రమే మాట్లాడేలా కలిపాను. సర్వర్‌కు వెళ్లే దారిలో క్లయింట్ సర్టిఫికెట్ చూపి టీఎల్‌ఎస్ 1.3 నడిపేది ఆ పెట్టెలోని ఎస్‌టన్నెల్ అనే సాఫ్ట్‌వేర్.

గుమ్మం దాటినవారందరికీ అన్నీ కనిపించకూడదు. ఇంజిన్‌ఎక్స్ సర్టిఫికెట్‌లోని పేరును ఒక హెడరులో (అభ్యర్థనతో పాటు వెళ్లే సమాచార పంక్తిలో) పెట్టి వెనుక ఉన్న అప్లికేషన్‌కు అందిస్తుంది. దాన్నిబట్టి అనకాపల్లి సెంటరుకు అనకాపల్లి రోగులే కనిపిస్తారు. అప్లికేషన్ 127.0.0.1 మీద మాత్రమే వినాలి, లేకపోతే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా ఆ హెడరును తామే రాసి పంపవచ్చు. సర్టిఫికెట్ ఉన్నా పాస్‌వర్డు, ఓటీపీ తీసేయలేదు: సర్టిఫికెట్ ఏ పరికరమో చెబుతుంది, దాన్ని ఎవరు పట్టుకున్నారో చెప్పదు.

క్లయింట్ సర్టిఫికెట్ ఉంటే ఇక సర్వర్‌ను అప్‌డేట్ చేయకపోయినా ఫరవాలేదని ఎవరైనా అంటే నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ వరకు ఉంది. అభ్యర్థనకు 64 కిలోబైట్ల చొప్పున సర్వర్ జ్ఞాపకంలోని అంశాలను అది బయటికి ఇచ్చేసేది. కరచాలనం (టీఎల్‌ఎస్ కనెక్షన్ ఆరంభంలో జరిగే పరిచయం) పూర్తికాకముందే ఆ అభ్యర్థన పంపవచ్చు కాబట్టి, అప్పటికి క్లయింట్ సర్టిఫికెట్ తనిఖీ ఇంకా జరిగి ఉండదు. తనిఖీ చేసే కోడులోనే లోపముంటే తనిఖీ కాపాడలేదు. భద్రతా సవరణలు వాటంతట అవే ఎక్కే ఏర్పాటును నేను ఏ సర్వర్‌లోనూ ఆపను.

డిస్కు ఎన్‌క్రిప్షన్ గురించి కొంచెమే చెబుతాను. లినక్స్‌లోని లక్స్ అనే సాధనంతో డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశాం; యంత్రం దొంగతనానికి గురైనా, పాడైన డిస్కును బాగుచేయడానికి పంపినా అది కాపాడుతుంది. నడుస్తున్న సర్వర్‌లోకి ఎవరైనా చొరబడితే మాత్రం దాని వల్ల ప్రయోజనం లేదు, అప్పుడు డిస్కు తెరిచే ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక పాస్‌ఫ్రేజ్ ఎవరు కొట్టాలన్నది ముందే తేల్చుకోవాల్సిన విషయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేని సంగతి ఇక్కడివారెవరూ మరిచిపోలేదు. అందువల్ల పాస్‌ఫ్రేజ్ తెలిసినవారు ఇద్దరు ఉండాలని, వారిలో ఒకరు ఈ ఊళ్లో ఉండకూడదని నిర్ణయించాం. రూట్ సీఏ కీ ఏ నెట్‌వర్క్‌కూ కలపని, ఎన్‌క్రిప్ట్ చేసిన రెండు పెన్‌డ్రైవులలో ఉంది. ఒకటి విశాఖలో బ్యాంకు లాకరులో, మరొకటి విజయవాడలో. రోజువారీ సంతకాలు చేసే మధ్యస్థ సీఏ కీ ఒక హార్డ్‌వేర్ టోకెన్‌లో నా దగ్గర ఉంటుంది.

లాగ్‌ల విషయంలో మన దేశంలో నియమమే ఉంది. సైబర్ భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, నిర్దేశించిన సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. ఆరు గంటలు చాలా తక్కువ సమయం. సర్టిఫికెట్ క్రమసంఖ్య లాగ్‌లో ప్రతి అభ్యర్థన పక్కన నమోదవుతూ ఉంటే, ఏ పరికరం నుంచి ఏ రిపోర్టులు తెరిచారన్నది ఆ సమయంలోగా చెప్పగలం. ఆ లాగ్‌లు అప్పటికప్పుడు మరో యంత్రానికి వెళ్లిపోతాయి, చొరబడినవాడు తుడిచేసినా నకలు మిగిలి ఉండేలా.

ఇప్పుడు నేను చేస్తున్న పని సర్వర్ సర్టిఫికెట్ల పునరుద్ధరణను మనిషి చేయి పడకుండా నడిచేలా పరీక్షించడం. బహిరంగ సర్టిఫికెట్ల గరిష్ఠ కాలపరిమితిని 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గించాలని సీఏ, బ్రౌజర్ సంస్థల వేదిక 2025 ఏప్రిల్‌లో తీర్మానించింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 90 రోజుల సర్టిఫికెట్లకు అలవాటుపడ్డ మాకు ఇందులో పెద్ద ఇబ్బంది లేదు. ఏడాదికోసారి సర్టిఫికెట్ కొని చేత్తో ఎక్కించే వారు మాత్రం ఆటోమేషన్‌ను ఇప్పుడే మొదలుపెట్టుకోవడం మంచిది. పునరుద్ధరణ తర్వాత ఇంజిన్‌ఎక్స్ రీలోడ్ అయిందో లేదో బయటి నుంచి సరిచూసే చిన్న స్క్రిప్టును కూడా దానితో పాటే రాసుకోవాలి, ఎందుకంటే కొత్త సర్టిఫికెట్ డిస్కు మీద ఉన్నా రీలోడ్ జరిగేదాకా సర్వర్ చూపించేది పాతదే.